ఆమా ఆడని ఆట

వీరదుర్గ ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున పెద్దావిడ హాల్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి. మెడ దాకా కత్తిరించిన తెల్ల జుట్టు. కొత్త పనిమనిషిని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "ఏటి కావాల?" అంది.

వీరదుర్గ తలుపు దగ్గరే ఆగిపోయింది. రాజోలు దగ్గరి పల్లె నుంచి బహ్రెయిన్ వచ్చి మూడేళ్లయింది. రెండిళ్లలో పనిచేసింది. వంటింటికి సరిపడా అరబ్బీ, బజారుకి సరిపడా హిందీ, కాస్త ఇంగ్లీషు నేర్చుకుంది. తెలుగు మాట్లాడే యజమాని మాత్రం ఇంతవరకూ తగల్లేదు. ఇప్పుడు చూస్తే ఒక చైనా ముసలావిడ!

"ఏటి కావాల? బియ్యమా? ఉప్పుసేపా?"

"ఏమీ వద్దండి. నేను పనికొచ్చానండి."

"బియ్యం లేవు. రేపు రా," అని పెద్దావిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

కొడుకు పేరు కెన్నెత్. ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు. భార్య పోయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. మలేసియాలోని ఈపో ఊళ్లో ఒంటరిగా ఉంటున్న తల్లిని తీసుకొచ్చి జుఫైర్‌లోని ఆ ఇంట్లో పెట్టుకున్నాడు. తల్లి నోటివెంట వచ్చిన మాటలు తెలుగని వీరదుర్గ చెప్పేదాకా అతనికీ తెలియదు. కాసేపు ఆలోచించి, తన తాతకి కొబ్బరితోటల పక్కన ఒక కిరాణా కొట్టు ఉండేదనీ, ఆ తోటల్లో కూలీలంతా ఇండియా వాళ్లేననీ ఇంగ్లీషులో చెప్పాడు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్లిన కూలీలు. వాళ్లకి ఉప్పూ పప్పూ తూస్తూ ఆవిడ పదేళ్ల వయసులోనే వాళ్ల భాష పట్టేసింది. యాభై ఏళ్లకు పైగా అవసరం పడని ఆ మాటలు, మిగతావన్నీ ఒక్కొక్కటే మరుపులో పడిపోతున్న రోజుల్లో పైకి తేలాయి.

"కొన్ని రోజులు బాగానే ఉంటుంది. కొన్ని రోజులు నన్ను కూడా గుర్తుపట్టదు," అన్నాడు కెన్నెత్. "స్నానం, తిండి, మందులు నువ్వు చూసుకో. వీధి తలుపు ఎప్పుడూ తాళం వేసి ఉండాలి. మరీ గాభరాగా తిరుగుతుంటే సగం మాత్ర ఇవ్వు, పడుకుంటుంది."

పెద్దావిడ పేరు సియూ లాన్. ఆ వయసు వాళ్లని వాళ్ల వైపు 'ఆమా' అంటారట, నాయనమ్మ అని అర్థం. వీరదుర్గకి అది 'అమ్మా' అన్నట్టే వినిపించి నోటికి ఇట్టే అలవాటైంది.

వారం తిరక్కుండానే వీరదుర్గ ఆ చెక్క పెట్టెను చూసింది. గది సర్దుతుంటే మంచం కింద కనిపించింది. మూత తీస్తే బిళ్లలు. కొయ్యతో చేసినవి, రూపాయి బిళ్ల కన్నా పెద్దవి. సగం వాటి మీద ఎర్ర అక్షరాలు, సగం వాటి మీద నల్ల అక్షరాలు. మడత పెట్టిన బోర్డు ఒకటి. బోర్డు మధ్యలో గళ్లు లేని ఖాళీ పట్టీ.

"ఇది ఏరు," అంది ఆమా వెనకనుంచి. ఎప్పుడొచ్చిందో వచ్చి నిలబడి ఉంది. "ఇటు మన మనుషులు. అటు వాళ్ల మనుషులు. నీకు ఆడటం వచ్చా?"

"మా ఊళ్లో పులీమేకా ఆడేవోళ్లవండి. ఇది తెలీదు."

"కూకో."

ఆ చైనా చదరంగం అలా మొదలైంది. ఏనుగు ఏరు దాటదు. రాజు కోట దాటడు. ఫిరంగి ఎవరినైనా చంపాలంటే మధ్యలో ఇంకొకరు ఉండాలి, వాళ్ల మీంచి దూకాలి. వీరదుర్గకి అక్షరాలు రావు కాబట్టి బొమ్మల్లా గుర్తుపెట్టుకుంది. గుర్రం అక్షరం కింద నాలుగు చుక్కలుంటాయి, కాళ్లలాగా. రథం అక్షరం మీద ఒక నిలువు గీత పోతుంది, బండి ఇరుసులాగా. పొద్దున ఏం తిన్నదో చెప్పలేని ఆమా, బోర్డు ముందు కూర్చుంటే వేరే మనిషైపోయేది. నడుము నిటారుగా నిలిచేది. చేతి వణుకు తగ్గేది. వీరదుర్గ తప్పు ఎత్తు వేస్తే, "ఇది కాదు. మూడు ఎత్తులు ఎనక్కి ఎల్లు. తప్పు అక్కడ సేసావు," అని బిళ్లలన్నీ వెనక్కి పెట్టి చూపించేది.

ఆమా ఎవరో వీరదుర్గకి ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొంత ఆమా చెప్పింది, కొంత అలమరలోని ఆల్బం చెప్పింది, మిగిలింది కెన్నెత్ చెప్పాడు.

కొట్టు ముందు సబ్బుపెట్టె మీద మగవాళ్లు ఆడుతుంటే పక్కన నేలమీద కూర్చుని చూసి నేర్చుకుంది. జపానువాళ్లు వచ్చిన ఏళ్లలో కొట్టు మూతపడితే, తండ్రి కొబ్బరిచిప్పలు గుండ్రంగా కోసి వాటి మీద అక్షరాలు చెక్కి ఇచ్చాడు. పదహారేళ్లకి చుట్టుపక్కల ఆమెను ఓడించేవాళ్లు లేరు. పెళ్లై ఈపో వచ్చాక, అక్కడి చదరంగం సంఘంవాళ్లు ఆడదాన్ని చేర్చుకోం అన్నారు. రెండేళ్లు రోజూ సాయంత్రం కెన్నెత్‌ని చంకనెత్తుకుని సంఘం గుమ్మం ముందు నిలబడింది. చివరికి ఎవరో నవ్వుతూ, ఒక్క ఆట ఆడి పో అన్నారు. ఆ ఏడే రాష్ట్రం పోటీ గెలిచింది. మొత్తం ఐదుసార్లు గెలిచింది, మగవాళ్లందరి మీదా. ఆల్బంలో ఒక ఫోటో ఉంది. పొడుగు మనుషుల వరస మధ్యలో వాళ్ల భుజాల దాకా కూడా రాని ఒక అమ్మాయి, చేతిలో తన తలకన్నా పెద్ద కప్పు. నవ్వు లేదు.

ఆ తర్వాత 1971లో సింగపూర్ పోటీ. ఆఖరి ఆటలో ఎదురుగా గో అని, పాత పోటీల నుంచీ తెలిసిన సింగపూర్ ఆవిడ. సాయంత్రం దాకా తేలలేదు. మర్నాడు ఆడదామని ఆపారు. ఆ రాత్రే తంతి వచ్చింది, భర్తకి పక్షవాతం అని. ఆమా ఉన్నపళంగా బస్సెక్కి ఈపో వెళ్లిపోయింది. ఆడటానికి రాలేదు కాబట్టి ఓడినట్టు రాశారు. గో ఛాంపియన్ అయింది. భర్త పద్నాలుగేళ్లు మంచంలోనే ఉన్నాడు. ఆమా మళ్లీ ఏ పోటీకీ వెళ్లలేదు.

"ఆ ఆట నాది," అనేది ఆమా. ఆగిపోయిన చోట ఏ బిళ్ల ఎక్కడుందో కళ్లు మూసుకుని పెట్టగలిగేది. కొడుకు పేరు తడుముకున్న రోజున కూడా పెట్టింది. ఎర్రవి ఆమావి. ఒక రథం, ఒక గుర్రం, ఒక ఫిరంగి. "అందరూ రథాన్ని కాపాడతారు. నాను రథాన్ని వదిలేస్తా. గో తింటాది. అప్పుడు గుర్రం ఇక్కడికి దూకుద్ది. ఖలాస్." ఆ ఒక్క అరబ్బీ మాటా వీరదుర్గ దగ్గర నేర్చుకుంది.

తొంభై ఆరు ఫిబ్రవరిలో ఒక పొద్దున వీరదుర్గ మేడమీద బట్టలారేస్తోంది. చెత్త పారబోసి వచ్చి వీధి తలుపు తాళం వెయ్యడం మర్చిపోయింది. కిందికి వచ్చేసరికి ఆమా లేదు. చెక్క పెట్టె కూడా లేదు. రెండు గంటల తర్వాత సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఒక పోలీసుకి దొరికింది. ఇంట్లో చెప్పులతో, చంకలో పెట్టెతో, క్లబ్బుకి ఆలస్యమైందని అతనితో వాదిస్తోందట.

కెన్నెత్ ఆ రోజు అరవలేదు. తల పట్టుకుని కూర్చుని మెల్లగా అన్నాడు. "ఇంకోసారి ఇలా జరిగితే ఆమెను ఈపోలో ఏదో వృద్ధుల ఆశ్రమంలో పెట్టాలి. నిన్ను ఏజెన్సీకి తిరిగి పంపాలి. నాకు వేరే దారి లేదు."

వీరదుర్గ ఆ రోజు నుంచి తాళం చెవిని మెళ్లో వేసుకుంది.

అక్టోబరులో సింగపూర్ నుంచి ఉత్తరం వచ్చింది. ఈపో సంఘంవాళ్లని అడిగి అడ్రసు తెలుసుకుని గో కూతురు ఇంగ్లీషులో రాసింది. అమ్మకి డెబ్బై నాలుగేళ్లు, లండన్‌లో ఉన్న మనవడిని చూడటానికి తీసుకెళ్తున్నాను, బహ్రెయిన్‌లో విమానం మారాలి, ఒక రోజు అక్కడ ఆగుతాం, సియూ లాన్ గారితో ఆ ఆట పూర్తి చెయ్యాలని అమ్మ పట్టుబడుతోంది, అని. శుక్రవారం పొద్దున పదకొండింటికి వస్తామని.

కెన్నెత్ ఆ ఉత్తరం తల్లికి చదివి వినిపించి తప్పు చేశానని తర్వాత అనుకున్నాడు. అప్పటినుంచి ఆమా తెల్లవారకముందే లేచి బోర్డు పరిచేది. రథాన్ని వదిలి, గుర్రాన్ని దూకించి, గో ఎటు కదిలితే తను ఎటు కదలాలో రోజుకి పదిసార్లు వీరదుర్గకి చూపించేది. ఆ వారంలో వీరదుర్గకి కూడా ఆ ఎత్తులన్నీ నోటికి వచ్చేశాయి. అలాగని ఆమా రోజంతా బాగుందని కాదు. సాయంత్రమయ్యేసరికి కెన్నెత్‌ని చూసి, "సంఘం తలుపు తియ్యండి," అని బతిమాలేది. ఒకసారి బట్టలు తడుపుకుంది.

గురువారం మధ్యాహ్నం కెన్నెత్ వంటింట్లోకి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు వచ్చి, గ్యాసు పొయ్యి వైపు చూస్తూ మాట్లాడాడు.

"రేపు పొద్దున గంజిలో మాత్ర కలిపి ఇవ్వు. సగం కాదు, నిండు మాత్ర. నిద్రపోతుంది. జ్వరమని చెప్తాను."

వీరదుర్గకి అర్థం కాక కాదు. "సార్, ఆమా రోజూ రేపటి కోసమే..."

"నాకు తెలుసు. వాళ్ల ముందు కూర్చుని నేనెవరని అడిగితే? అక్కడే బట్టలు తడుపుకుంటే? ఆ మిసెస్ గో కళ్లలో మా అమ్మ ఇంకా ఆ ఫోటోలో మనిషే. అలాగే ఉండనీ." అతను వెళ్లబోయి గుమ్మంలో తిరిగాడు. "నువ్వు పది గంటలకి గుదైబియా వెళ్లాలన్నావు కదా. వెళ్లు. నేనుంటాను," అన్నాడు.

అదే వీరదుర్గని తర్వాత కాల్చింది. గుదైబియాలో ఆమె మరిది బుల్లబ్బాయి ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. ఆ లాండ్రీ ఫోనుకి శుక్రవారం పదకొండింటికి ఊరి నుంచి ఫోను చేయించే ఏర్పాటు అయింది. కూతురు సాయికుమారికి ఏడేళ్లు. దాని గొంతు విని ఏడు నెలలైంది. ఆట ఉంటే ఆమా పక్కన తనే ఉండాలి. ఆమా నిద్రపోతే వెళ్లొచ్చు.

"అలాగే సార్," అంది.

శుక్రవారం పొద్దున ఆమా తనంతట తనే స్నానం చేసింది. నీలం రంగు పట్టు చొక్కా వేసుకుని, జుట్టుకి నీళ్లు రాసి దువ్వుకుంది. బోర్డు మీద బిళ్లలు ఎప్పుడో పెట్టేసింది. కెన్నెత్‌ని పేరు పెట్టి పిలిచి గడ్డం సరిగా గీసుకోలేదని కోప్పడింది. వీరదుర్గ వైపు తిరిగి, "ఈయేళ బుర్ర బాగుంది," అని నవ్వింది. ఆ ఇంట్లో చేరాక అంత తేటగా ఆమాను వీరదుర్గ ఎన్నడూ చూడలేదు.

వంటింట్లో నిలబడి చెంచా వెనకభాగంతో మాత్ర నలిపింది. ఆ పిండిని గంజిలో కలిపింది. కెన్నెత్ హాల్లోనే ఉన్నాడు. వెళ్లి, సార్, ఇవాళ బాగున్నారు, వద్దు, అని ఒక్క మాట అనొచ్చు. గోడ గడియారం చూసింది. ఎనిమిదిన్నర. గిన్నె పట్టుకెళ్లింది.

ఆమా రెండు చెంచాలు తిని ఆగింది. "సేదుగా ఉంది."

"ఉల్లికాడ చేదండి. ముదురొచ్చింది."

ఆమా ఆమె మొహంలోకి చూసి తల ఊపి, గిన్నె ఖాళీ చేసింది. తొమ్మిదిన్నరకి బోర్డు ముందే తల వాల్చేసింది. కెన్నెత్, వీరదుర్గ కలిసి మంచం మీద పడుకోబెట్టారు. పట్టు చొక్కా నలగకుండా వీరదుర్గ సర్దింది.

లాండ్రీలో ఇస్త్రీ పెట్టెల ఆవిరి మధ్య ఫోను మోగింది. సాయికుమారి ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. "అమ్మా, నాకు ముందు పన్ను ఊడిపోయింది. నాయనమ్మ ఇంటి కప్పు మీదకి ఇసిరేసింది. అమ్మా, ఇంటన్నావా?"

"ఇంటన్నానే," అంది వీరదుర్గ. కానీ వినలేదు. గిన్నె అంచున అంటుకున్న తెల్లటి పిండి కళ్లముందు కదులుతోంది. కడిగానా లేదా అని ఆలోచిస్తోంది. నాలుగు నిమిషాలు అయిపోయి ఫోను తెగిపోయింది. బుల్లబ్బాయి టీ తెప్పించి, "ఏంటొదినా, అలాగున్నావు? పాపకి బాగానే ఉంది కదా?" అన్నాడు. ఆమె టీ తాగకుండానే లేచి బస్సు కోసం పరిగెత్తింది.

పన్నెండున్నరకి ఇల్లు చేరేసరికి గో ఇంకా వెళ్లలేదు. కూతురు సోఫాలో ఉంది. గో మాత్రం బోర్డు ముందు నల్ల బిళ్లల వైపు కూర్చుని ఉంది. లావుపాటి మనిషి, ఒళ్లో చేతికర్ర. కెన్నెత్ నుదుటి మీద చెమట. వీరదుర్గ టీ తెచ్చి పెట్టింది.

"ఎప్పటినుంచి జ్వరం?" అని గో ఇంగ్లీషులో ఆమెనే అడిగింది.

వీరదుర్గ కెన్నెత్ వైపు చూడకుండా చెప్పింది. "నిన్నటినుంచి, మేడమ్."

గో లేచింది. కర్ర ఆనిస్తూ గదిలోకి వెళ్లి, నిద్రపోతున్న మనిషి నుదుటి మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. నుదురు చల్లగా ఉంది. అది వీరదుర్గకీ తెలుసు. గో పట్టు చొక్కాను చూసింది, దువ్విన జుట్టును చూసింది, గుమ్మంలో నిలబడ్డ వీరదుర్గని చూసింది. హాల్లోకి వచ్చి ఒక కాగితం అడిగి, చైనా అక్షరాల్లో ఏదో రాసి మడిచి కెన్నెత్‌కి ఇచ్చింది. కెన్నెత్ ఇంగ్లీషు బడిలో చదువుకున్నవాడు, ఆ అక్షరాలు అతనికి రావు. తలుపు దగ్గర గో అతని చెయ్యి పట్టుకుని, "నీ చిన్నప్పుడు నిన్ను ఎత్తుకున్నాను," అంది. వెళ్లిపోయింది.

ఆమా నాలుగింటికి లేచింది. "గో వచ్చిందా?"

"విమానం రాలేదు మా," అన్నాడు కెన్నెత్.

ఆమా వీరదుర్గని చూసింది. వీరదుర్గ తల ఊపింది.

ఆమా ఏడవలేదు, అరవలేదు. బోర్డు దగ్గరకు వెళ్లి బిళ్లలు ఒక్కొక్కటే పెట్టెలో వేసింది. "భయపడింది," అంది. రెండోరోజుకి, "నన్ను మర్చిపోయింది," అంది. ఆ తర్వాత ఆట మాటే ఎత్తలేదు. కిటికీ దగ్గర కూర్చునేది. వీరదుర్గ పెట్టె తెచ్చి ముందు పెడితే కాలితో పక్కకి తోసేది. గబగబా చిక్కిపోయింది.

వీరదుర్గకి ఏ పని చేస్తున్నా అదే. గంజి కాస్తున్నా, గిన్నె కడుగుతున్నా, ఉల్లికాడ తరుగుతున్నా. చెప్పింది సారు కదా అని తనకి తనే చెప్పుకునేది. ఆ మాట నిలిచేది కాదు. సారు అడగకముందే తన మనసు గుదైబియాలో ఉందని ఆమెకు తెలుసు.

పన్నెండు రోజుల తర్వాత అలమర తుడుస్తుంటే ఆల్బంలోంచి ఆ మడిచిన కాగితం జారి పడింది. చింపడానికి కెన్నెత్‌కి చేతులు రాక అక్కడ పెట్టినట్టున్నాడు. వీరదుర్గ దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. తనకి చదవడం రాదు. ఇది తనది కాదు. కెన్నెత్‌దీ కాదు. తీసుకెళ్లి ఆమా చేతిలో పెట్టింది.

ఆమా కళ్లజోడు పెట్టుకుని వేలు ఆనించి చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

"గో వచ్చిందా?"

"వచ్చారండి."

"నాను ఎక్కడున్నాను?"

"నిద్రోతున్నారండి."

"నాను పగలు నిద్రపోను."

వీరదుర్గ నేలమీద కూర్చుంది. "నేనే మాత్రేసానండి. గంజిలో కలిపేసాను. ఉల్లికాడ చేదని అబద్ధమాడాను. సారు చెప్పారు, నిజమేనండి. కానీ ఒద్దనొచ్చు, అన్లేదు. ఆ రోజు మా పాప ఫోనుందండి. మీరు నిద్రోతే ఎల్లొచ్చని నాక్కూడా ఉందండి."

ఆమాకి ఎంత అర్థమైందో తెలియదు. కాగితం మీద వేలు పెట్టి మెల్లగా చెప్పింది. "గో రాసింది. ఆ ఆట తనే ఓడిపోయిందని ఆ రాత్రే తనకి తెలుసు అని. ఎవరికీ సెప్పలేదు అని. సెప్పటానికి వచ్చాను అని." కాగితం మడిచింది. "సెప్తే సాలదు. ఆడాల."

సాయంత్రం కెన్నెత్ యార్డు నుంచి రాగానే వీరదుర్గ తనే చెప్పింది. "సార్, కాగితం ఆమాకి ఇచ్చాను. మాత్ర సంగతి కూడా చెప్పాను. ఇంక ఆమాకి చెప్పకుండా ఏ మందూ వెయ్యను. పంపేస్తే పంపేయండి." అతని మొహం ఎర్రబడింది. వెళ్లి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నేనే వెయ్యమన్నాను మా. తనది కాదు తప్పు," అన్నాడు. తర్వాత కూడా రెండు మూడుసార్లు అదే మాట చెప్పాడు. ఆమా ప్రతిసారీ అతని చెంప తట్టేది. కొడుకు చెప్పింది ఆమె మనసులో నిలవలేదు. గంజి గిన్నె పట్టుకొచ్చిన చెయ్యి మాత్రం నిలిచిపోయింది.

మర్నాటి నుంచి ఆమా వీరదుర్గ పెట్టింది తినడం మానేసింది. చెంచా నోటిదగ్గరికి తెస్తే పెదాలు బిగించి, "ఇందులో మందుందా?" అనేది.

"లేదండి."

"నువ్వు తిను."

వీరదుర్గ ఒక చెంచా తిని చూపించాలి. ఆమె గొంతు కదిలేదాకా ఆమా కళ్లు ఆర్పకుండా చూసేది. అప్పుడు నోరు తెరిచేది. పొద్దున గంజి, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం పాలు, మంచినీళ్లు కూడా. ఈపో మర్చిపోయింది, భర్త పేరు మర్చిపోయింది. ఇది మర్చిపోలేదు.

జనవరిలో సింగపూర్ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. గో నిద్రలోనే పోయిందని కూతురు రాసింది. కెన్నెత్ ఈసారి దాచలేదు. తల్లి పక్కన కూర్చుని మొత్తం చదివాడు. ఆమా ఆ రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంది. మర్నాడు పొద్దున, మూడు నెలల తర్వాత, మంచం కిందికి వంగి చెక్క పెట్టె లాక్కుంది.

"గో లేదు," అంది వీరదుర్గతో. "గో వైపు నువ్వు కూకో."

బిళ్లలు పెట్టింది. ఒక్కటి కూడా తప్పు లేదు. వీరదుర్గ నల్ల వైపు కూర్చుంది. ఎత్తు ఆమాది. ఆమా చెయ్యి రథం మీదకి వెళ్లింది. వదిలెయ్యండి ఆమా, ముందుకి తోసి వదిలెయ్యండి, అని వీరదుర్గ లోపల అనుకుంది. ఆమా రథాన్ని పట్టుకుని అలాగే ఉంది. కళ్లు బోర్డంతా వెతికాయి. ఆ వారం రోజులూ పదిపదిసార్లు చూపించిన ఎత్తు ఎక్కడికో పోయింది. ఆమా రథాన్ని భద్రంగా వెనక్కి లాక్కుంది.

ఇప్పుడు వంతు వీరదుర్గది. ఒక్క ఏనుగును అటు జరిపితే చాలు, ఆమా గుర్రానికి మళ్లీ దారి తెరుచుకుంటుంది. రెండెత్తుల్లో ఆట ఆమాది. అది తప్పు ఎత్తని ఆమాకి ఈరోజు తెలియదు. ఎవరికీ తెలియదు. గెలిపించాలనే ఉంది వీరదుర్గకి. ఈ మూడు నెలల్లో అంతగా ఏదీ కోరుకోలేదు. ఏనుగు మీద వేళ్లు పెట్టింది కూడా. ఎదురుగా ఆమా, చెంచా వైపు చూసే ఆ చూపుతోనే ఆమె చేతిని చూస్తోంది.

వీరదుర్గ ఏనుగును గుర్రానికి అడ్డంగా జరిపింది. గో అయితే ఏం ఆడేదో అది.

గంటకు పైగా ఆడారు. కెన్నెత్ డ్యూటీకి ఆలస్యమైనా కదలకుండా గుమ్మంలో నిలబడి చూశాడు. రథాలు పోయాయి, గుర్రం పోయింది, ఫిరంగి మిగిలినా దూకడానికి మధ్యలో ఎవరూ లేరు. చివరికి ఎవరూ ఎవరినీ ఓడించలేని స్థితి వచ్చింది. ఆమా ఖాళీ అయిన బోర్డును చూస్తూ కూర్చుంది.

"ఆ రోజైతే గెలిసేదాన్ని," అంది.

"అవునండి," అంది వీరదుర్గ. "ఆ రోజైతే గెలిచేవోరే."

కెన్నెత్ మొహం అటు తిప్పుకుని చెప్పులు వేసుకున్నాడు. కారు వెళ్లిన చప్పుడు వినిపించాక వీరదుర్గ వంటింట్లోకి వెళ్లి గంజి వేడిచేసి తెచ్చింది. ఆమా ఎదురుగా కూర్చుని, అడగకముందే, ముందు తను ఒక చెంచా తిని మింగింది. ఆమా ఆమె గొంతు కదలడం చూసి, అప్పుడు నోరు తెరిచింది.

మరో ఏడాదిన్నరకి కెన్నెత్ ఉద్యోగం మానేసి తల్లిని ఈపో తీసుకెళ్లిపోయాడు. అంతవరకూ ఏ పూటా ఆ మొదటి చెంచా తప్పలేదు. ఆమా పాపం మందగించిన చూపుతో ఎంతోసేపు చూసేది, గంజి చల్లారిపోయేది. వీరదుర్గ ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.